బ్రెయిన్ స్ట్రోక్: డ్వాక్రా మీటింగ్ నుంచి ఆటో స్టాండ్ దాకా.. పక్షవాతాన్ని ఆపడానికి మీ సంఘం ఏం చేయొచ్చంటే?

పొద్దున్నే పళ్లు తోముకుంటుంటే చేతిలో బ్రష్ జారిపోయింది. మూతి ఓ పక్కకు లాగినట్టుంది. మాట ముద్దముద్దగా వస్తోంది. చాలా ఇళ్లలో తర్వాత జరిగేది ఇదీ.. "నీరసం అయ్యుంటుంది, కాసేపు పడుకో" అంటారు. కాసేపటికి ఆర్ఎంపీ వచ్చి సెలైన్ పెడతాడు. సాయంత్రానికి ఒకరు పసరు మందు అడ్రస్ చెప్తే, ఇంకొకరు పావురం రక్తం రాయమంటారు. పెద్దాసుపత్రికి చేరేది మర్నాడు!

అప్పటికి డాక్టర్ల చేతిలో పెద్దగా ఏమీ మిగలదు. మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడి స్ట్రోక్ వస్తే, దాన్ని కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా లక్షణాలు మొదలైన 4.5 గంటల్లోపే ఇవ్వాలి. గడ్డను బయటకు లాగేసే ప్రొసీజర్‌ను కొందరికి 24 గంటల వరకు చేయొచ్చు. కానీ అది అందరికీ కుదరదు, అన్ని ఊళ్లలోనూ దొరకదు. ట్రీట్‌మెంట్ లేకుండా గడిచే ప్రతి నిమిషానికీ దాదాపు 19 లక్షల మెదడు కణాలు చనిపోతాయని అంచనా. పైగా ఇది పెద్ద వయసు వాళ్ల జబ్బు మాత్రమే కాదు. 25 ఏళ్లు దాటిన ప్రతి నలుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు స్ట్రోక్ రావొచ్చని వరల్డ్ స్ట్రోక్ ఆర్గనైజేషన్ చెబుతోంది.

ఏటా అక్టోబరు 29న వరల్డ్ స్ట్రోక్ డే. ఆ రోజు ర్యాలీ తీస్తారు, ఫ్లెక్సీ కడతారు, ఉచిత క్యాంపు పెడతారు. నెల తిరిగేసరికి ఆ ఫ్లెక్సీ ఎవరి కొట్టం మీదో పరదా అవుతుంది. క్యాంపులో బీపీ ఎక్కువ వచ్చినవాళ్లు మాత్రలు మొదలుపెట్టారా లేదా అని అడిగే నాథుడే ఉండడు. సంఘాలు పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే. మనం డాక్టర్ దగ్గరికి ఒంట్లో బాగోలేకపోతేనే వెళ్తాం. సంఘం మీటింగ్‌కు మాత్రం నెలనెలా వెళ్తాం కదా!

ఒక బీపీ మిషన్, ఒక నోట్‌బుక్

32 దేశాల్లో జరిగిన ఇంటర్‌స్ట్రోక్ స్టడీ ప్రకారం, దాదాపు 90 శాతం స్ట్రోక్స్ వెనుక ఉన్నవి మనం మార్చుకోగల 10 కారణాలే. వాటిలో అన్నిటికంటే పెద్దది హైబీపీ. దీంతో చిక్కేంటంటే నొప్పి ఉండదు. తలనొప్పి వస్తేనే బీపీ ఉన్నట్టు అనుకునేవాళ్లు ఇప్పటికీ ఎక్కువే. ఆ నమ్మకంతోనే ఏళ్లకేళ్లు గడిపేస్తారు.

గ్రూపు పొదుపు డబ్బుతో ఒక డిజిటల్ బీపీ మిషన్ కొనొచ్చు. మణికట్టుకు పెట్టేది కాదు, భుజం కింద చేతికి కట్టేది తీసుకోవాలి. చూసే పద్ధతి ఏఎన్ఎం దగ్గర ఒకసారి నేర్చుకుంటే చాలు. అరగంట ముందు నుంచి టీ, బీడీ వద్దు. కుర్చీలో వెనక్కి ఆనుకుని, కాళ్లు నేలకు ఆనించి 5 నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చేయి గుండె ఎత్తులో ఉండాలి. చూస్తున్నంతసేపూ మాట్లాడకూడదు (మీటింగ్‌లో కష్టమైన రూల్ ఇదే!). రెండుసార్లు చూసి రాసుకోవాలి.

140/90 లేదా అంతకంటే ఎక్కువ వస్తే పీహెచ్‌సీకో, దగ్గర్లోని పల్లె దవాఖానా, బస్తీ దవాఖానా, విలేజ్ క్లినిక్‌కో పంపాలి. 30 ఏళ్లు దాటినవాళ్లకు బీపీ, షుగర్ పరీక్షలు అక్కడ ఉచితం. ఒక్కసారి ఎక్కువ వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, ఆ సంగతి డాక్టర్ తేలుస్తారు. 180/120 దాటితే మాత్రం ఆ రోజే డాక్టర్‌కు చూపించాలి. సంఘం వాళ్లు మందు పేరు చెప్పకూడదు, పక్కింటివాళ్ల మాత్రలు ఇప్పించకూడదు.

అసలు పని దీని తర్వాతే ఉంది. బీపీ నార్మల్‌కు వచ్చిందని మాత్రలు ఆపేసేవాళ్లు చాలామంది. నార్మల్‌కు తెచ్చింది ఆ మాత్రే అని వాళ్లకు తట్టదు. కిస్తీ కట్టని సభ్యురాలి ఇంటికెళ్లి "ఏమైంది వదినా, ఈ నెల రాలేదు?" అని అడగడం మన గ్రూపు లీడర్లకు బాగా అలవాటే. అదే గడప దగ్గర మాత్రల గురించీ అడగాలి, అంతే. దీనికి ఆధారం కూడా ఉంది. పాకిస్థాన్, బంగ్లాదేశ్, శ్రీలంక పల్లెల్లో హెల్త్ వర్కర్లు ఇంటింటికీ వెళ్లి బీపీ చూసి, సలహాలిచ్చి, అవసరమైనవాళ్లను డాక్టర్ దగ్గరికి పంపారు. 2020లో వచ్చిన ఫలితాల్లో, మామూలు వైద్యం అందిన పల్లెల కంటే అక్కడ పై బీపీ సగటున 5 పాయింట్లు ఎక్కువ తగ్గింది.

మరి మగవాళ్ల సంగతేంటి?

డ్వాక్రా మీటింగ్‌కు మగవాళ్లు రారు. పార్కులో వాకర్స్ అసోసియేషన్ క్యాంపు పెడితే వచ్చేది ఎలాగూ ఆరోగ్యం పట్టించుకునేవాళ్లే. ఆటో స్టాండ్, హమాలీ సంఘం, కల్లు కాంపౌండ్, సెలూన్.. మిషన్ వెళ్లాల్సింది ఇక్కడికి. సెలూన్ అంటే నవ్వకండి. అమెరికాలోని లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 52 బార్బర్ షాపుల్లో నల్లజాతి పురుషులపై ఒక ట్రయల్ చేశారు. ఫలితాలు 2018లో వచ్చాయి. ఫార్మసిస్టులు షాపుకే వచ్చి మందులు సరిచేసిన చోట, 6 నెలల్లో పై బీపీ సగటున 27 పాయింట్లు పడిపోయింది. బార్బర్ సలహా చెప్పి డాక్టర్ దగ్గరికి వెళ్లమన్న షాపుల్లో 9 పాయింట్లే తగ్గింది. అంటే మాట ఒక్కటే సరిపోదు, మందు కూడా చేతికి అందాలి. యూనియన్ లీడర్లు ఏఎన్ఎంతో మాట్లాడి, నెలకోసారి స్టాండ్ దగ్గరికే రప్పించుకుంటే మనవాళ్లకూ ఆ మేలు అందుతుంది.

ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక టీస్పూను దాటొద్దని డబ్ల్యూహెచ్ఓ అంటోంది. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ ఉన్న కంచంలో ఆ లెక్క ఎక్కడ ఆగుతుందో మీకే తెలుసు. అన్నదానం చేసే ఆలయ కమిటీలు వంటమాస్టర్‌కు ఒక్క మాట చెప్పినా వందల కంచాల్లో తేడా వస్తుంది.

నవ్వు, చేతులు, మాట

అనుమానం వస్తే మూడు చూడాలి. నవ్వమంటే మూతి ఒక పక్కకు పోతోందా? రెండు చేతులూ ఎత్తమంటే ఒకటి కిందికి జారుతోందా? చిన్న వాక్యం చెప్పమంటే మాట తడబడుతోందా? ఒక్కటి కనిపించినా 108కు ఫోన్ చేయండి. ఉన్నట్టుండి తూలిపోవడం, చూపు పోవడం కూడా లక్షణాలే. పది నిమిషాల్లో అంతా సర్దుకున్నా వదిలేయొద్దు. అది మినీ స్ట్రోక్ కావొచ్చు, పెద్దది వెనకే రావొచ్చు.

అంబులెన్స్ వచ్చేలోపు నీళ్లు, సోడా, అన్నం ఏదీ పెట్టకూడదు. గొంతులో పడితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంట్లో ఉన్న ఆస్పిరిన్ వేయొద్దు. వచ్చింది రక్తనాళం చిట్లిన స్ట్రోక్ అయితే ప్రమాదం. అది స్కాన్‌లోనే తెలుస్తుంది. చివరిసారి మనిషి మామూలుగా ఉన్న టైమ్ రాసిపెట్టుకోండి, ఆసుపత్రిలో మొదట అడిగేది అదే.

ఏ ఆసుపత్రికి అన్నది అప్పటికప్పుడు తేలే విషయం కాదు. రాత్రిపూట కూడా సీటీ స్కాన్ ఎక్కడ ఉంది? గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఎక్కడ ఇస్తారు? ఆరోగ్యశ్రీ లేదా ఎన్టీఆర్ వైద్య సేవ అక్కడ చెల్లుతుందా? అపార్ట్‌మెంట్ అసోసియేషనో, యూత్ క్లబ్బో ఒక ఆదివారం కూర్చుని ఫోన్లు చేసి కనుక్కోవచ్చు. ఆ కాగితం లిఫ్ట్‌లో, రేషన్ షాపు గోడ మీద, వాట్సాప్ గ్రూపులో ఉండాలి. ఇక ఆర్ఎంపీని తిట్టుకుంటూ కూర్చుంటే ఉపయోగం లేదు. ఎలాగూ జనం ముందు పిలిచేది ఆయన్నే. అందుకే ఆయన్ని కూడా మీటింగ్‌కు పిలిచి, సెలైన్ పెట్టకుండా నేరుగా 108 ఎక్కించమని ఒప్పించాలి.

పిల్లలతోనూ ఈ పని అవుతుంది. గ్రీస్‌లో మొదలైన 'ఫాస్ట్ హీరోస్' ప్రోగ్రామ్‌లో చిన్న క్లాసుల పిల్లలకు ఈ లక్షణాలు ఆటల్లా నేర్పిస్తారు. వాళ్లు ఇంటికెళ్లి తాతయ్యలకు, నానమ్మలకు పాఠం చెప్తారు. మన దగ్గరా పగలు ఇంట్లో ఉండేది చాలాచోట్ల ఆ ఇద్దరే కదా.

స్ట్రోక్ వచ్చి ఇంటికి చేరినవాళ్లను మాత్రం దాదాపు అందరూ మర్చిపోతారు. వాళ్లకు రెండోసారి వచ్చే ముప్పు ఎక్కువ కాబట్టి నోట్‌బుక్‌లో మొదటి పేర్లు వాళ్లవే ఉండాలి. ఫిజియోథెరపీకి తీసుకెళ్లడానికి ఆటో యూనియన్ వారానికి రెండు ట్రిప్పులు వంతులవారీగా వేయొచ్చు. సదరం సర్టిఫికెట్ కోసం తిరగడానికి తోడు కావాలి. ఏపీలో పక్షవాతంతో మంచానికో, వీల్‌ఛైర్‌కో పరిమితమైనవాళ్లకు ఎన్టీఆర్ భరోసా కింద 2024 జులై నుంచి నెలకు రూ.15,000 పింఛను ఇస్తున్నారు. అర్హత ఉండి కూడా అప్లై చేయనివాళ్లు మీ వీధిలో ఉన్నారేమో ఈ నెల మీటింగ్‌లోనే అడిగి చూడండి.