న్యుర్కి తాపియోవారా: ఐదు చిత్రాలు, ఒక తరం

ఫిన్లండ్ సినిమా అనగానే ఇవాళ మనవాళ్ళకు తట్టే పేరు ఆకి కౌరిస్మాకి. ఆయన 1999లో ‘యుహా’ అనే నవలను మూగచిత్రంగా తీశాడు. అదే నవలను 1937లో ఒక పాతికేళ్ళ యువకుడు మాటల చిత్రంగా తీశాడు. ఆ యువకుడి పేరు న్యుర్కి తాపియోవారా. మూడేళ్ళ వ్యవధిలో నాలుగు చిత్రాలు పూర్తిచేసి, అయిదోదాన్ని సగంలో వదిలి, 1940 ఫిబ్రవరి చివర్లో యుద్ధరంగంలో మరణించాడు. అప్పటికి అతని వయస్సు 28 ఏళ్ళు.

తాపియోవారా చరిత్రను మన రచయితలూ, సాహిత్య విద్యార్థులూ ఎందుకు తెలుసుకోవాలి? అతను మొదట సాహిత్య ఉద్యమంలోంచి వచ్చినవాడు. విమర్శకుడిగా మొదలై దర్శకుడైనవాడు. అభ్యుదయ కళాకారుడు వ్యాపార సినిమాలో ఎంతవరకు పనిచేయగలడు, వస్తువుకూ శిల్పానికీ ఉన్న సంబంధమేమిటి అన్న ప్రశ్నలకు అతని జీవితంలో దొరికే జవాబులు సూత్రాల్లో దొరకవు. అంతకన్నా చిక్కు ప్రశ్న మరొకటుంది. వామపక్ష కళాకారుడైన అతను సోవియట్ సైన్యంతో జరిగిన యుద్ధంలో చనిపోయాడు. ఈ విషయాన్ని దాటవేసి అతని గురించి రాయడం నిజాయితీ అనిపించుకోదు.

ముందు ఆ దేశం సంగతి కొంత చెప్పుకోవాలి. ఫిన్లండ్ 1809 నుంచి జారు చక్రవర్తి ఏలుబడిలో ఉండేది. 1917 డిసెంబరు 6న స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. లెనిన్ ప్రభుత్వం ఆ నెల చివర్లోనే దాన్ని గుర్తించింది. కాని నెల తిరక్కుండానే, 1918 జనవరిలో, దేశం రెండుగా చీలింది. కార్మికులూ, భూమిలేని కౌలుదార్లూ ఒకవైపు. ఆస్తిపరులూ, సొంత భూమిగల రైతులూ మరోవైపు. ఎర్ర సైన్యం, తెల్ల సైన్యం అని వాటికి పేర్లు. జర్మన్ దళాల సాయంతో తెల్లవాళ్ళు గెలిచారు. దాదాపు నాలుగు నెలల అంతర్యుద్ధంలోనూ, ఆ తర్వాతి నెలల్లోనూ మొత్తం 36 వేలమందికి పైగా చనిపోయారు. వాళ్ళలో 27 వేలమంది దాకా ఎర్రపక్షంవాళ్ళే. యుద్ధం ముగిశాక ఖైదీల శిబిరాల్లో ఆకలితో, జబ్బులతో పోయినవాళ్ళే 12 వేలకు పైగా ఉన్నారు. తాపియోవారా 1911లో పుట్టాడు. అంటే ఆ గాయాలతోపాటే పెరిగిన తరం అతనిది.

1930 ప్రాంతంలో లాపువా ఉద్యమం పేరుతో ఫాసిస్టు ధోరణులు విజృంభించాయి. కార్మిక నాయకుల్ని ఎత్తుకుపోయి కొట్టి సరిహద్దు దాటించడం మామూలైంది. కమ్యూనిస్టు కార్యకలాపాలను నిషేధిస్తూ 1930లో చట్టాలు వచ్చాయి. పార్టీ అజ్ఞాతంలోకి పోయినచోట పత్రిక, నాటకం, కవిత్వం బాధ్యత పెరుగుతుంది. అక్కడ జరిగిందీ అదే. 1936లో హెల్సింకీలో వామపక్ష రచయితలూ, కళాకారులూ ‘కీలా’ అనే సంఘం పెట్టుకున్నారు. ఆ మాటకు ఫిన్నిష్‌లో మొద్దును చీల్చడానికి దిగగొట్టే చీల అని అర్థం. మన మాటకూ వాళ్ళ మాటకూ పోలిక యాదృచ్ఛికమే గాని పేరు మాత్రం తగిన పేరు. ఎల్వి సినెర్వో, ఆర్వో తుర్తియాయినెన్, కత్రి వాలా వంటి కవులు అందులో ఉన్నారు. అదే 1936 ఏప్రిల్‌లో లక్నోలో ప్రేమ్‌చంద్ అధ్యక్షతన అఖిల భారత అభ్యుదయ రచయితల సంఘం మొదటి మహాసభ జరిగింది. రెండు సంఘాలకూ పరస్పర పరిచయం లేకపోయినా, ఫాసిజం ముంచుకొస్తున్న కాలంలో రచయితలు చేయవలసిన పని ఏమిటన్న ప్రశ్న మాత్రం ఇద్దరిదీ ఒకటే.

తాపియోవారా చదివింది న్యాయశాస్త్రం. కాని మనసంతా నాటకం మీదా, సినిమా మీదా. వామపక్ష సాహిత్య పత్రికల్లో సినిమా విమర్శలు రాసేవాడు. ఆనాటి ఫిన్నిష్ స్టూడియోలు వరసగా తీస్తున్న పల్లెటూరి ప్రేమకథల్నీ, సైనిక హాస్యాల్నీ అతను సహించలేదు. సినిమాను ఫొటో తీసిన నాటకంగా చూడడం మానాలనీ, కదిలే బొమ్మకూ, కూర్పుకూ, శబ్దానికీ వాటి భాష వాటికి ఉందనీ అతని వాదం. 1935లో హెల్సింకీలో ‘ప్రొయెక్తియో’ అనే ఫిల్మ్ క్లబ్ ఏర్పడింది. దాని స్థాపకుల్లో తాపియోవారాతోపాటు తర్వాత ప్రపంచ ప్రఖ్యాతి పొందిన వాస్తుశిల్పి ఆల్వార్ ఆల్తో కూడా ఉన్నాడు. మామూలు థియేటర్లకు రాని విదేశీ చిత్రాలను సభ్యులకు చూపించడం ఆ క్లబ్ పని. సోవియట్ చిత్రాలు చూపించేచోట పోలీసుల కన్ను పడకుండా ఉండదు. ఆ క్లబ్ ఎక్కువ కాలం సాగలేదు. కాని కొత్త సినిమా కోరుకునే కొద్దిమందిని ఒకచోట చేర్చింది.

‘యుహా’ అతని మొదటి చిత్రం. యుహాని అహో 1911లో రాసిన నవల దానికి ఆధారం. స్వీడన్‌లో మౌరిత్స్ స్టిల్లెర్ 1921లోనే దాన్ని తీశాడు. తాపియోవారా చిత్రాన్ని నిర్మించింది రచయిత కొడుకు హెయిక్కి అహో, అతని సోదరుడు బ్యోర్న్ సోల్దాన్ నడిపిన డాక్యుమెంటరీ సంస్థ. యుహా వయసు మళ్ళిన, అవిటి కాలుగల రైతు. మార్యా అతను చేరదీసి పెంచి పెళ్ళాడిన అనాథ. అత్త ఆమెను క్షణం బతకనివ్వదు. శెమెయిక్కా అనే వర్తకుడు వస్తాడు, మార్యా అతనితో వెళ్ళిపోతుంది. బలవంతంగా ఎత్తుకుపోయాడనే నమ్మకంతో యుహా ఆమెను వెనక్కి తెచ్చుకుంటాడు. ఆమె ఇష్టపడే వెళ్ళిందని తెలిశాక నది సుడుల్లో ప్రాణం వదులుతాడు.

ఇందులో అభ్యుదయం ఏముందని అడిగేవాళ్ళుంటారు. సమ్మె లేదు, జెండా లేదు, నిజమే. కాని మార్యా పరిస్థితి చూడండి. భర్త ఇల్లు ఆమెకు దయాధర్మంగా దొరికిన నీడ. అక్కడినుంచి పారిపోయి చేరిన చోట ఆమె చాలామంది ఆడవాళ్ళలో ఒకతె. ఆస్తి లేని ఆడదానికి రెండు ఇళ్ళూ ఒకటేనని కథ చెబుతోంది. డాక్యుమెంటరీలు తీసే సంస్థతో కలిసి పనిచేయడంవల్ల అడవీ, నదీ, పొలం పనీ స్టూడియో పరదాల మీద కాక నిజంగా తెరమీదికి వచ్చాయి. ఆ సుడులు ఊరికే ప్రకృతి సౌందర్యం కోసం చూపినవి కావు, కథ ముగింపును అవి మోస్తున్నాయి.

రెండో చిత్రం ‘దొంగిలించిన మృత్యువు’ 1938లో వచ్చింది. నా దృష్టిలో అతని ప్రతిభకు పూర్తి నిదర్శనం ఇదే. స్వీడిష్ భాషలో రాసే ఫిన్లండ్ కథకుడు రూనార్ షిల్ట్ కథ దీనికి మూలం. నిర్మాత ఎరిక్ బ్లోంబెర్గ్. పెద్ద స్టూడియో అండ లేదు, డబ్బు లేదు. జారు పాలనకు వ్యతిరేకంగా రహస్యంగా పనిచేసే యువకులు, వాళ్ళకు ఆయుధాలు అమ్మజూపే దొంగ వ్యాపారి క్లాస్సోన్, ఆ ఇద్దరి నడుమ మాన్యా అనే యువతి: ఇదీ కథ. ఇదే వస్తువు పెద్ద స్టూడియో చేతిలో పడి ఉంటే దేశభక్తి ఉపన్యాసాలతో నిండిపోయేది. తాపియోవారా మాటలు బాగా తగ్గించాడు. నీడలు, మెట్లు, ఖాళీ వీధులు, శవాల గది, శవపేటిక ఇవే కథ నడుపుతాయి. విప్లవకారులు వీరవిగ్రహాలుగా కనిపించరు. భయపడతారు, పొరబడతారు, ఒకరినొకరు అనుమానిస్తారు. క్లాస్సోన్ మాత్రం ఎప్పుడూ తొణకడు. విప్లవమైనా, శవమైనా అతనికి సరుకే. పెట్టుబడి స్వభావాన్ని ఒక్క పాత్రలో ఇంత క్లుప్తంగా చూపిన చిత్రాలు ఆ కాలంలో అరుదు. సోవియట్ దర్శకుల కూర్పు పద్ధతీ, జర్మన్ చిత్రాల వెలుగునీడలూ, ఫ్రెంచి చిత్రాల విషాదమూ అతను చదువుకున్నాడని తెలుస్తూనే ఉంటుంది. అయినా అది అనుకరణగా మిగలలేదు.

1938లోనే మన దగ్గర గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’, మరుసటి ఏడు ‘రైతుబిడ్డ’ తీశారని గుర్తుచేసుకుంటే, సినిమా చేతికొచ్చిన కొత్తలోనే ఎక్కడికక్కడ కొందరు దాన్ని ప్రజాజీవితం వైపు తిప్పబోయారని అర్థమవుతుంది.

1939లో రెండు హాస్యచిత్రాలు వచ్చాయి. ‘ఇద్దరు విహ్తోరిలు’ జనాదరణగల నాటకం ఆధారంగా తీసింది, దాని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. రెండోదైన ‘లాహ్తినెన్‌గారి పరారీ’ వేరే రకం. డేనిష్ నాటకకర్త క్యెల్ ఆబెల్ 1935లో రాసిన నాటకం దాని మూలం. ఆఫీసు బల్లకూ, అద్దె ఇంటికీ, అత్తవారి మర్యాదలకూ మధ్య తన పాట పోగొట్టుకున్న గుమాస్తా కథ ఇది. మధ్యతరగతి జీవితాన్ని ఎగతాళి చేస్తూనే ఆ గుమాస్తాను మాత్రం ప్రేమగా చూడడం ఇందులో విశేషం. హాస్యం ప్రగతిశీల కళకు తక్కువ సాధనమని భావించే మనవాళ్ళు ఆలోచించవలసిన విషయమిది.

ఆ ఏడే అతను ‘మగవాడి దారి’ చిత్రీకరణ మొదలుపెట్టాడు. నవల 1932లో వచ్చింది. రచయిత సిల్లాన్‌పాకు 1939లోనే నోబెల్ బహుమతి లభించింది. నవంబరు 30న సోవియట్ సైన్యం ఫిన్లండ్ మీదికి వచ్చింది. తాపియోవారా సైన్యంలోకి వెళ్ళాడు, తిరిగి రాలేదు. మార్చి 13న యుద్ధం ఆగింది. అంటే ఇంకో రెండు వారాలు గడిస్తే బతికేవాడు. మిగిలిన చిత్రాన్ని సహచరులు ఎరిక్ బ్లోంబెర్గ్, హూగో హ్యుతోనెన్ పూర్తిచేసి 1940లో విడుదల చేశారు.

ఇప్పుడు ఆ చిక్కు ప్రశ్నకు వద్దాం. అతను ఎర్రజెండాను కాదనుకుని చనిపోయాడా? కొందరు పిడివాదులు అవుననవచ్చు. అతన్ని జాతీయవీరుల పటాల వరసలో తగిలించి, అతని రాజకీయాలను మరిపించడం మితవాదులకు అనుకూలం. రెండూ చరిత్రను చిన్నబుచ్చేవే. యుద్ధం మొదలైన మర్నాడే సరిహద్దు పట్టణం తెరియోకిలో కూసినెన్ నాయకత్వాన ఒక ‘ప్రజాప్రభుత్వం’ ప్రకటించారు. 1918లో తండ్రుల్ని పోగొట్టుకున్న ఫిన్నిష్ కార్మికులు కూడా దాని వెంట నడవలేదు. పొరుగుదేశపు తుపాకి మొనమీద వచ్చేదాన్ని వాళ్ళు విముక్తిగా భావించలేదు. 1940 జనవరిలో యజమానుల సంఘం తొలిసారి కార్మిక సంఘాలను గుర్తించవలసి వచ్చిందంటే ఆ యుద్ధంలో కార్మికుల బరువెంతో తెలుస్తుంది. 105 రోజుల్లో 25 వేలమంది ఫిన్నులు చనిపోయారు. సోవియట్ వైపు అంతకు ఎన్నోరెట్లు పోయారు. వాళ్ళూ రైతుబిడ్డలే. ఒక రాజ్యం చేసిన తప్పును తప్పనడానికి మనం వెనకాడితే, ఆ తప్పుకు బలైన మనవాళ్ళను మనమే రెండోసారి పోగొట్టుకుంటాం.

బతికినవాళ్ళ గతి చూసినా ఈ మాట నిజమే. 1941లో ఫిన్లండ్ హిట్లర్ జర్మనీ పక్కన యుద్ధంలోకి దిగినప్పుడు ‘కీలా’ రచయితల్లో సినెర్వో, తుర్తియాయినెన్ జైళ్ళపాలయ్యారు. 1944లో సంధి కుదిరాకగాని బయటికి రాలేదు. కత్రి వాలా క్షయతో అదే ఏడు స్వీడన్‌లో కన్నుమూసింది. నాజీలనుంచి పారిపోతూ బ్రెహ్ట్ 1940 ఏప్రిల్‌లో హెల్సింకీ చేరాడు. అప్పటికి తాపియోవారా పోయి రెండు నెలలు. ఆ ఇద్దరూ కలిసి ఉంటే ఏమయ్యేదో ఊహించడం నా పని కాదు. బ్లోంబెర్గ్ మాత్రం 1952లో ‘తెల్ల దుప్పి’ తీసి మరుసటి ఏడు కాన్ ఉత్సవంలో బహుమతి అందుకున్నాడు. ఆ చిత్రంలోని మంచూ, మౌనమూ చూసినప్పుడు ‘దొంగిలించిన మృత్యువు’ రోజుల్లో నేర్చిన పాఠం కనబడుతుంది.

తాపియోవారాను మహాదర్శకుడని నేననడం లేదు. అలా అనడానికి అతనికి వ్యవధి దొరకలేదు. కాని విమర్శ రాసిన చేతితోనే చిత్రం తీసి, తాను ఇతరుల్లో ఎత్తిచూపిన లోపాలను తన పనిలో తప్పించడానికి ప్రయత్నించాడు. డబ్బులేని చోట మాటలు తగ్గించి బొమ్మను బలపరిచాడు. జనం నవ్వే కథను కూడా తక్కువచూపు చూడలేదు. మన దగ్గర సాహిత్య విమర్శ రాసేవాళ్ళలో సినిమాను ఇంకా పాటల లెక్కనో, సంభాషణల లెక్కనో తూచేవాళ్ళు ఎక్కువ. కథ తెరమీద ఏ బొమ్మతో మొదలైంది, ఏ శబ్దం దగ్గర ఆగింది, కెమెరా ఎవరి పక్షాన నిలబడింది అని అడగడం మొదలుపెడితే, ‘దొంగిలించిన మృత్యువు’ మంచి పాఠ్యపుస్తకం. మన ఫిల్మ్ క్లబ్బులు ఆ చిత్రాన్ని తెప్పించి, చూసి, చర్చించాలని నా కోరిక.