నాగలికి ఇంజినీరింగు చదువు

మొన్న వడ్ల సెంటర్ల ఒక పిలగాడు అడిగిండు: "వ్యవసాయానికి గూడ ఇంజినీరింగు ఉంటదా బాపూ?" ఉంటది. వందేండ్ల కింది ముచ్చట.

1905లో అమెరికాలోని అయోవా కాలేజీలో దీనికి ప్రత్యేక విభాగం పెట్టిండ్రు. 1921లో మేసన్ వా అనే ఇంజినీరు అమెరికా నుంచి అలహాబాదుకు వచ్చి, మన ఎడ్లు గుంజగలిగే ఇనుప నాగళ్లు చేసిండు. 1940లల్ల అక్కడ్నే డిగ్రీ మొదలైంది. నాకు నచ్చింది గిదే. ఎడ్ల బలం చూసి నాగలి చేసుడు, నాగలి కోసం ఎడ్లను కొట్టుడు కాదు.

తెలుగు నేలకు ఈ కాలేజీ 1983లో వచ్చింది, బాపట్లల. 1963లో నెహ్రూ పోచంపాడు కాడ రాయేసి అప్పటికే ఇరవై ఏండ్లు! కాలువ లెక్క, నీళ్ల లెక్క, యంత్రం లెక్క అన్నీ ఈ చదువులయే. 2005లో అమెరికా ఇంజినీర్ల సంఘం తన పేరుల 'బయలాజికల్' అని గూడ కలుపుకుంది.

మన పెద్దపల్లి దిక్కు ఇంజినీరింగంటే మైనింగు, ఎలక్ట్రికలే. పక్కన సింగరేణి, ఎన్టీపీసీ ఉండె, తప్పేం లేదు. కానీ కోతలప్పుడు పొలం ఆరకపోతే టైర్ల మిషన్ దిగబడ్తది, చైన్ల మిషన్‌కు ఎక్కువ కిరాయి కడ్తం. మన రెండెకరాలకు సరిపోయే మిషన్ ఎవలు గీస్తరు?

ఆ పిలగానిది ఎంపీసీ. సంగారెడ్డి దగ్గర కందిల కాలేజీ ఉందని, ఎప్‌సెట్ ర్యాంకుతోనే సీటిస్తరని చెప్పిన. ఫోన్ల రాసుకున్నడు.