సుదూర సాగర యాత్రకు తెరచాప నౌక సన్నద్ధత: ‘తారిణి’ చెప్పే పాఠాలు

న్యూఢిల్లీ: ఓడరేవు విడిచిన తరువాత నెలకు పైగా నేల కనబడని యాత్రలో తెరచాప నౌకకు మరమ్మతుల శాల గానీ, విడిభాగాల దుకాణం గానీ అందుబాటులో ఉండవు. అవసరమైనదంతా నౌకలోనే ఉండాలి. ఒక పరికరం విఫలమైతే దాని స్థానంలో మరొకటి వెంటనే పనిచేయాలి. భారత నౌకాదళ మహిళా అధికారులను రెండుసార్లు భూమి చుట్టూ తిప్పి క్షేమంగా గోవా చేర్చిన ‘ఐఎన్‌ఎస్‌వీ తారిణి’ ఈ సన్నద్ధతకు మన దేశంలో ప్రముఖ ఉదాహరణ.

రెండు పరిక్రమలు

లెఫ్టినెంట్ కమాండర్ వర్తికా జోషి నాయకత్వంలో ఆరుగురు అధికారులు 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయలుదేరి 2018 మే 21న తిరిగి వచ్చారు. వీరిలో విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి, హైదరాబాద్‌కు చెందిన బి. ఐశ్వర్య తెలుగువారు. 254 రోజుల ఈ యాత్రలో సుమారు 21,600 నాటికల్ మైళ్లు ప్రయాణించారు. అదే నెల 23న ఈ బృందం ఢిల్లీలో ప్రధానమంత్రిని కలిసింది.

రెండో పరిక్రమను లెఫ్టినెంట్ కమాండర్లు దిల్నా కె., రూపా ఎ. ఇద్దరే నిర్వహించారు. 2024 అక్టోబరు 2న మొదలైన ఆ యాత్ర 2025 మే 29న ముగిసింది.

నౌక శరీరం, తెరచాపలు

తారిణి పొడవు సుమారు 17 మీటర్లు. గోవాలోని అక్వేరియస్ షిప్‌యార్డ్‌లో డచ్ రూపకల్పన ఆధారంగా నిర్మించిన ఈ నౌక 2017 ఫిబ్రవరి 18న నౌకాదళంలో చేరింది. చెక్కకు ఇరువైపులా ఫైబర్‌గ్లాస్ పొరలు వేసి దీని శరీరాన్ని రూపొందించారు. ఇటువంటి నిర్మాణం తక్కువ బరువుతో ఎక్కువ దృఢత్వాన్నిస్తుంది. నౌక అడుగున ఉండే బరువైన కీల్, గాలి తాకిడికి పక్కకు ఒరిగిన నౌకను తిరిగి నిలబెడుతుంది.

తెరచాపను నిలిపే 25 మీటర్ల స్తంభాన్ని కేప్‌టౌన్‌లోని సదరన్ స్పార్స్ సంస్థ ప్రత్యేకంగా తయారు చేసింది. ప్రధాన తెరచాప, ముందు తెరచాపలు, వెనుక గాలికి వాడేవి, తుపాను తెరచాప కలిపి మొత్తం ఆరు రకాలు నౌకలో ఉంటాయి. గాలి పెరిగే కొద్దీ తెరచాప విస్తీర్ణాన్ని తగ్గించాలి. ఆ పని ఆలస్యమైతే వస్త్రం చిరగవచ్చు, స్తంభమే విరగవచ్చు. అందుకే యాత్రకు ముందు స్తంభాన్ని నిలిపే ఉక్కు తీగలు, వాటి బిగింపులు ఒక్కొక్కటిగా పరీక్షిస్తారు. సూది, దారం, అతుకు వస్త్రం సైతం సామగ్రిలో తప్పనిసరి.

చుక్కానిదే ప్రాణం

ఇద్దరే ఉన్న నౌకలో ఒకరు నిద్రిస్తే మరొకరు కాపలా కాయాలి. ఇరవై నాలుగు గంటలూ చేత్తో చుక్కాని తిప్పడం అసాధ్యం. విద్యుత్తుతో నడిచే ఆటోపైలట్ ఈ భారాన్ని తగ్గిస్తుంది. బ్యాటరీలు బలహీనపడితే ‘విండ్‌వేన్’ ఆదుకుంటుంది. ఇది గాలి దిశను పసిగట్టి, నీటిలో వేలాడే తెడ్డు ద్వారా నౌక వేగాన్నే శక్తిగా మార్చుకొని చుక్కానిని తిప్పుతుంది. దీనికి విద్యుత్తు అవసరం లేదు. తారిణిలో ‘మానిటర్’ రకం విండ్‌వేన్‌ను అమర్చారు.

ఈ భాగానికి ఇచ్చే ప్రాధాన్యం ఎంత సముచితమో మొదటి పరిక్రమలోనే రుజువైంది. కేప్‌టౌన్ నుంచి గోవాకు వస్తుండగా చుక్కాని యంత్రాంగంలో లోపం తలెత్తింది. దీంతో ముందుగా అనుకోని మజిలీగా నౌకను మారిషస్‌కు చేర్చి మరమ్మతు చేయించాల్సి వచ్చింది. ఫ్రీమాంటిల్, లిటిల్‌టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్ మాత్రమే ముందుగా నిర్ణయించిన మజిలీలు.

విద్యుత్తు, నీరు, ఆహారం

దిక్సూచి పరికరాలు, రాడార్, ఉపగ్రహ ఫోను, దీపాలు అన్నీ బ్యాటరీలపైనే ఆధారపడతాయి. సుదూర యాత్రా నౌకల్లో ఇంజిన్ జనరేటర్‌కు తోడుగా సౌర ఫలకాలు లేదా గాలి టర్బైన్ అమర్చుకోవడం సాధారణం. సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే యంత్రం ఉన్నా అది ఆగిపోవచ్చన్న అంచనాతో నిల్వ నీటిని విడిగా ఉంచుతారు. వాననీటిని పట్టుకునే ఏర్పాటు కూడా చేసుకుంటారు. బియ్యం, పప్పులు, ఎండబెట్టిన ఆహారం తడి తగలకుండా గాలి చొరబడని సంచుల్లో భద్రపరుస్తారు. బరువైన సరుకు నౌక మధ్యన, అడుగు భాగంలో సర్దితే స్థిరత్వం దెబ్బతినదు.

ప్రాణరక్షణ

రెండో పరిక్రమలో తారిణి 2025 జనవరి 30న పసిఫిక్‌లోని పాయింట్ నీమోను దాటింది. అక్కడి నుంచి అతి సమీప నేల సుమారు 2,688 కిలోమీటర్ల దూరం. అలాంటి చోట సాయం రావడానికి రోజులు పడుతుంది. అందుకే లైఫ్‌రాఫ్ట్, ఉపగ్రహానికి ప్రమాద సంకేతం పంపే బీకన్, ఇతర ఓడలను గుర్తించే ఏఐఎస్ తప్పనిసరి. పైకప్పుపై పనిచేసేవారు నడుముకు పట్టీ కట్టుకొని, నౌక పొడవునా బిగించిన తాడుకు దానిని తగిలించుకుంటారు.

2018 సెప్టెంబరులో గోల్డెన్ గ్లోబ్ పోటీలో పాల్గొన్న కమాండర్ అభిలాష్ టోమీ నౌక ‘తురీయ’ దక్షిణ హిందూ మహాసముద్రంలో తుపానుకు చిక్కి స్తంభాన్ని కోల్పోయింది. వెన్నెముకకు గాయమై కదలలేని స్థితిలో ఆయన ఉపగ్రహ సందేశ పరికరం ద్వారా తన పరిస్థితిని తెలియజేయగలిగారు. మూడు రోజుల తరువాత ఫ్రెంచి మత్స్య గస్తీ నౌక ‘ఒసిరిస్’ ఆయనను రక్షించింది. నౌకలో పనికొచ్చేవి తక్కువగా మిగిలినప్పుడు, ఆ చిన్న పరికరమే ఆయన జాడను బయటి ప్రపంచానికి చేర్చింది.

ప్రతి ముఖ్య వ్యవస్థకూ రెండో మార్గం, ఆ రెండింటినీ సొంత చేతులతో బాగుచేయగల శిక్షణ ఉన్నప్పుడే సుదూర యాత్రకు నౌక సిద్ధమైనట్లు లెక్క.