ఇంజను ఒకటే, ఎక్కే మనిషి వేరు
(క్రూయిజరు మోటారు సైకిళ్ళ కథ)

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం రాయమని సంపాదక మిత్రులు కోరారు. కోటల గురించీ, రాజుల గురించీ రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు గనుక నేను మోటారు సైకిళ్ళ గురించి రాస్తానన్నాను. వారు నవ్వారు. కానీ మిత్రులారా, అడ్వాన్సు పెట్టుకుని బండి కొన్నవారు మనలో ఎందరు లేరు? మనుమల బండ్లకు పెన్షనులోంచి సర్దుబాటు చేస్తున్నవారు ఎందరు లేరు? కాబట్టి ఇది మన ఇళ్ళ చరిత్రే.

నేను ఉద్యోగంలో చేరిన 1970 ప్రాంతంలో మోటారు సైకిలు కొనేవాడికి పెద్దగా ఎంపిక లేదు. 1955 నుంచి మద్రాసులో తయారైన బులెట్, 1961 నుంచి మైసూరులో తయారై తర్వాత యెజ్దీగా పేరు మారిన జావా, ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్, ప్రధానంగా ఈ మూడే. ఒకదానికీ ఒకదానికీ పోలిక లేదు. బులెట్ 350 సీసీ, గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. జావా 250 సీసీ, కిక్కు కొట్టిన లివరునే ముందుకు మడిస్తే గేరు లివరయ్యేది. రాజ్‌దూత్ 175 సీసీ, పల్లె రోడ్లకు పెట్టింది పేరు. ఎవరు ఏది కొనాలో జీతమూ, రోడ్డూ చెప్పేవి. 'నీ ఎత్తెంత?' అని మాత్రం ఎవరూ అడగలేదు.

నన్నూ అడగలేదు. 1979లో మా హెడ్ గుమాస్తాగారి బండి చూసి ముచ్చటపడి, మోటారు సైకిలు అడ్వాన్సు పెట్టుకుని అదే రకం కొన్నాను. ఆయన ఆరడుగుల మనిషి, నేను అయిదడుగుల మూడంగుళాలు. బండి పేరెందుకు లెండి, తప్పు బండిది కాదు, నా కాళ్ళది. నెల తిరక్కుండానే ఒక రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడు వాలులో ఎడమకాలు నేలకు అందలేదు. బండి పక్కకు ఒరిగింది. వెనక ఒకవైపుగా కూర్చున్న నా భార్య కాలు దాని కింద పడింది. చీలమండ దగ్గర ఆ మచ్చ ఈనాటికీ ఉంది. అమ్మేద్దామంటే అడ్వాన్సు తీరేదాకా బండి ప్రభుత్వానికి తాకట్టు. వసారాలో టార్పాలిన్ కప్పి, నెలనెలా జీతంలోంచి వాయిదా కోయించుకుంటూ, సైకిలు మీద ఆఫీసుకు వెళ్ళిన గుమాస్తాను నేను. ఆవిడ ఒక్క మాట అనలేదు. మళ్ళీ బండి మాత్రం ఎక్కలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ మధ్య కుర్రకారు ఇష్టపడే 'క్రూయిజరు' పుట్టినిల్లు అమెరికా. 1901లో ఇండియన్ అనే కంపెనీ, 1903లో హార్లీ డేవిడ్‌సన్ మొదలయ్యాయి. రెండూ 'వి' ఆకారంలో అమర్చిన రెండు సిలిండర్ల పెద్ద బండ్లు చేశాయి. దూరం నుంచి చూస్తే అన్నదమ్ముల్లా ఉండేవి. ఎక్కితే తెలిసేది తేడా. ఇండియన్ బండ్లకు సాధారణంగా యాక్సిలరేటరు ఎడమచేతికి ఉండేది, హార్లీకి కుడిచేతికి. ఒకదానికి అలవాటు పడ్డ చెయ్యి రెండోదాని మీద తడబడేది. 1953లో పాత ఇండియన్ కంపెనీ తయారీ ఆపేసింది. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు బండ్ల మడ్‌గార్డులు కత్తిరించి, తమకు నచ్చినట్టు మార్చుకోసాగారు. 1969లో 'ఈజీ రైడర్' సినిమాతో పొడుగాటి ఫోర్కు, ఎత్తు హ్యాండిలు బండ్ల మోజు ఊరూరా పాకింది. జనం ఇంట్లో చేసుకుంటున్న మార్పులను హార్లీ వారు 1971లో 'సూపర్ గ్లైడ్' పేరుతో ఫ్యాక్టరీలోనే చేసి అమ్మారు. 1980 తర్వాత జపాను కంపెనీలూ అందుకున్నాయి.

క్రూయిజరు లక్షణాలు మూడు. సీటు పల్లంగా ఉంటుంది, కాళ్ళు ముందుకు చాపి పెట్టుకోవాలి, చక్రాల మధ్య దూరం ఎక్కువ. వందల మైళ్ళు తిన్నగా సాగే రోడ్డు మీద ఇది పడక కుర్చీ సుఖం. అయితే కాళ్ళు ముందుకు చాపినప్పుడు ఒంటి బరువంతా నడుము కింద పడుతుంది. గుంత వస్తే మామూలు బండి మీద కాళ్ళ మీద లేచి కాచుకుంటాం, దీని మీద ఆ వీలు తక్కువ, దెబ్బ నేరుగా వెన్నుకే. చక్రాల మధ్య దూరం పెరిగితే ఇరుకు సందులో మలుపు కష్టం. ఇవి బండి లోపాలు కావు, దాని స్వభావం.

మన దేశానికి ఈ రకం బాగా పరిచయమైంది 2001లో బజాజ్ వారు కవాసాకితో కలిసి తెచ్చిన ఎలిమినేటరుతో. దాని వారసుడు 2005లో వచ్చిన అవెంజర్. నా వ్యాసానికి మంచి ఉదాహరణ 2015లో దొరికింది. అవెంజర్ 220ని ఆ ఏడాది రెండుగా విడదీసి 'క్రూయిజ్', 'స్ట్రీట్' అన్నారు. ఇంజను ఒకటే, ఛాసిస్ ఒకటే, ధర ఇంచుమించు ఒకటే. క్రూయిజ్‌కు ఎత్తు హ్యాండిలు, ఊచల చక్రాలు, వెనక కూర్చున్నవారు ఆనుకునే దిండు, మెరిసే క్రోమియం. స్ట్రీట్‌కు పొట్టి హ్యాండిలు, నల్లరంగు, అల్లాయ్ చక్రాలు. ఒకే ఫైలుకు రెండు అట్టలు వేసినట్టు! కానీ హ్యాండిలు మారితే భుజాలు, మణికట్టు, నడుము వంపు అన్నీ మారతాయి. కనుక అది అట్ట మార్పు మాత్రమే కాదు.

2022లో ఇదే తగువు మా ఇంటికి వచ్చింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన మనుమడు రెండు బండ్ల మధ్య ఊగుతున్నాడు. రెండూ రాయల్ ఎన్‌ఫీల్డ్‌వే. 2021లో కొత్త ఇంజనుతో వచ్చిన క్లాసిక్ 350 ఒకటి, 2020 నవంబరులో వచ్చిన క్రూయిజరు మీటియర్ 350 రెండోది. ఇద్దరికీ అదే 349 సీసీ ఇంజను. క్లాసిక్ సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు, మీటియర్‌ది 765. తేడా నాలుగు సెంటీమీటర్లు, అంటే రెండు వేళ్ళ మందం. వాడి ఎత్తు నాకన్నా ఒక్క అంగుళం ఎక్కువ. మనసు మాత్రం క్లాసిక్ మీదే ఉంది. "తాతయ్యా, మీ కాలం బండిలా ఉంది" అన్నాడు. ఆ మాట విని నాకు గుండె ఝల్లుమంది.

షోరూముకు నేనూ వెళ్ళాను. రోజూ వేసుకునే చెప్పులతోనే రెండింటి మీదా కూర్చోమన్నాను. క్లాసిక్ మీద మునివేళ్ళు ఆనాయి, మీటియర్ మీద పాదాలు పూర్తిగా ఆనాయి. స్టాండు తీసి వెనక్కి తోయమన్నాను. మా సందంత వెడల్పులో తిప్పమన్నాను. గుంతల రోడ్డు మీద నడిపి నడుము ఎలా ఉందో చెప్పమన్నాను. ఇంటికొచ్చి అలవాటు ప్రకారం కాగితం మీద రెండు నిలువు గీతలు గీసి నోటు రాశాను. కింద సిఫారసు రాయకుండా మా ఆవిడ ముందు పెట్టాను.

ఆవిడ చదవలేదు. "ఆగినప్పుడు రెండు కాళ్ళూ ఆనేది ఏదిరా?" అని వాణ్ణి అడిగింది. చెప్పాడు. "అయితే అదే" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నలభై మూడేళ్ళుగా పెండింగులో ఉన్న ఫైలు మీద ఆ రోజు ఉత్తర్వు పడింది. వాడు మీటియరే కొన్నాడు.

పెన్షనరు మిత్రులకు నా మనవి ఇంతే. మీ పిల్లలు ఒకేలాంటి రెండు బండ్ల మధ్య తేల్చుకోలేకపోతే 'ఏది బాగుంది' అని అడగకండి. అందం ఎవరి కంటికి వారిది, దాన్ని వాళ్ళకే వదిలేయండి. పాదాలు ఆనుతున్నాయా, చేతులు చాచకుండా హ్యాండిలు అందుతోందా, ఆగిన బండిని ఒంటరిగా తోయగలరా, వెనక కూర్చునేవారికి చోటుందా అని అడగండి. వెనక కూర్చునేవారిని కూడా షోరూముకు తీసుకెళ్ళండి. నేను 1979లో తీసుకెళ్ళలేదు.