రేడియో గీసిన ఎల్లలు

అమెరికాలో మిస్సోరీ రాష్ట్రపు సెయింట్ లూయిస్ నుంచి కారులో దక్షిణంగా వెళ్తే నాలుగు గంటలు దాటాక టెనెసీ రాష్ట్రంలోని మెంఫిస్ వస్తుంది. దారి పొడవునా పెట్రోలు బంకుల్లో, హోటళ్లలో, చర్చి ముందు కబుర్లాడుకునే ముసలివాళ్ల నెత్తిన ఒకటే ఎర్ర టోపీ కనిపిస్తుంది. అది సెయింట్ లూయిస్ కార్డినల్స్ బేస్‌బాల్ జట్టు టోపీ. ఆర్కాన్సా పత్తి చేల వైపు వెళ్లినా, మిసిసిపీ నది దాటి ఇల్లినాయ్ మొక్కజొన్న పొలాల్లోకి వెళ్లినా ఇదే వరస. కార్డినల్ అంటే ఇక్కడి పెరళ్లలో తిరిగే ఎర్ర పిట్ట. ఆటగాళ్ల చొక్కా మీద పసుపు బ్యాటుకు చెరో కొసన ఆ పిట్టలు రెండు వాలి ఉంటాయి. 1922లో మొదలైన ఆ బొమ్మ కాస్త అటూ ఇటూ మారుతూ నేటికీ నడుస్తోంది.

విడ్డూరం ఏమిటంటే, ఈ టోపీవాళ్లలో చాలామంది సెయింట్ లూయిస్‌లో ఏనాడూ కాపురం ఉన్నవాళ్లు కారు. కొందరికి ఆ నగరమంటే బొత్తిగా గిట్టదు. అక్కడ నేరాలెక్కువ, చీకటి పడ్డాక అటు పోవద్దని నాకు బుద్ధి చెప్పినవాళ్లే ఏప్రిల్ రాగానే పిల్లాజెల్లాతో మూడేసి గంటలు ప్రయాణం చేసి ఆ నగరం నడిబొడ్డున ఉన్న స్టేడియానికి వస్తారు.

ఐపీఎల్ చూసే మనవాళ్లకు ఇది చప్పున అర్థం కాదు. హైదరాబాద్ పేరుతో ఆడిన డెక్కన్ ఛార్జర్స్ 2009లో కప్పు గెలిచింది, 2012లో రద్దయింది. మరుసటి ఏడాదికల్లా సన్‌రైజర్స్ వచ్చింది. రంగు మారింది, యజమాని మారాడు, మనం పెద్దగా తడబడకుండా చప్పట్లు అటు తిప్పాం. మన అభిమానం చాలావరకు ఆటగాళ్ల వెంట నడుస్తుంది. ఇక్కడ ఆటగాళ్లు వస్తారు, పోతారు. తాత నుంచి మనవడికి అందేది చొక్కా. ఇది అమెరికా వాళ్ల రక్తంలోనే ఉందని ఇక్కడివాళ్లు గుండెల మీద చెయ్యేసుకుని చెబుతారు. నేను అంత తేలిగ్గా నమ్మను. ఈ అభిమానాన్ని పెంచిన వ్యాపారం ఉంది, దాన్ని మోసిన రైలు పట్టాలు, రేడియో తరంగాలు ఉన్నాయి. దాన్ని కాపాడిన ఒక కోర్టు తీర్పూ ఉంది.

మొదట బీరు. 1880ల నాటికి సెయింట్ లూయిస్ నిండా జర్మన్ వలసదారులే. వాళ్లలో ఒకడైన క్రిస్ ఫాన్ డెర్ ఆహె ఆట మైదానం దగ్గర్లో సారాకొట్టు నడిపేవాడు. ఆట ఉన్న రోజు గిరాకీ పెరుగుతోందని గమనించి 1882లో ఏకంగా జట్టునే నడపడానికి దిగాడు. బేస్‌బాల్‌లో ఆయనకు ఓనమాలు రావని చెప్పుకుంటారు. అప్పటి నేషనల్ లీగ్ పెద్దమనుషుల లీగ్: టికెట్ యాభై సెంట్లు, మైదానంలో బీరు నిషేధం, ఆదివారం ఆట నిషేధం. ఫాన్ డెర్ ఆహె చేరిన కొత్త లీగ్ టికెట్‌ను పాతిక సెంట్లకు దించి, బీరు పోసి, ఆదివారం గేట్లు తెరిచింది. వారానికి ఆరు రోజులు పనిచేసే కూలీకి దొరికేది ఆ ఒక్క ఆదివారమే. ఆ జట్టే 1892లో నేషనల్ లీగ్‌లో చేరి, 1900లో కార్డినల్స్ అనే పేరు పెట్టుకుంది.

తర్వాత దేశపటం పని చేసింది. 1903 నుంచి 1952 దాకా, యాభై ఏళ్లపాటు బేస్‌బాల్ అగ్రశ్రేణి అయిన మేజర్ లీగ్‌లో జట్లు పదహారే, నగరాలు పదే. ఒక్క జట్టూ ఊరు మారలేదు. వాటిలో అన్నింటికన్నా పడమట ఉన్నదీ, అన్నింటికన్నా దక్షిణాన ఉన్నదీ సెయింట్ లూయిసే. 1955లో కాన్సస్ సిటీకి జట్టు వచ్చేదాకా మిసిసిపీ నదికి పడమట మేజర్ లీగ్ జట్టున్న ఊరు ఇంకోటి లేదు. హ్యూస్టన్‌కు 1962లో, అట్లాంటాకు 1966లో వచ్చాయి. అంటే ఓక్లహోమా, ఆర్కాన్సా, టెక్సస్, మిసిసిపీ రాష్ట్రాల కుర్రాడికి బేస్‌బాల్ అంటే పిచ్చి ఉంటే, దగ్గర్లో పెద్ద జట్టున్న ఊరు ఇదొక్కటే. దగ్గర అంటే రైల్లో ఒక పూట, ఒక్కోసారి ఒక రాత్రి. యజమాని శామ్ బ్రీడన్ ఇది కనిపెట్టి, అంత దూరం నుంచి వచ్చేవాళ్లకు గిట్టుబాటు కావాలని ఆదివారాలు ఒకే టికెట్‌పై రెండు ఆటలు పెట్టించాడు.

ఆయన దగ్గర పనిచేసిన బ్రాంచ్ రికీ ఇంకో ఎత్తు వేశాడు. కార్డినల్స్ అప్పట్లో పేద జట్టు. న్యూయార్క్ జట్లతో పోటీపడి ఆటగాళ్లను కొనే స్తోమత లేదు. కొనలేనప్పుడు పెంచుకుందామని రికీ చిన్న ఊళ్ల జట్లలో వాటాలు కొనడం మొదలుపెట్టాడు. ఆర్కాన్సాలో ఫోర్ట్ స్మిత్, టెక్సస్‌లో హ్యూస్టన్ మొదటి వరసలోవి. 1940 నాటికి అలాంటి జట్లు ముప్పై దాటాయి. ఇది రైతుబిడ్డలను చవగ్గా కట్టిపడేసే పద్ధతి కూడా. లీగ్ కమిషనర్ లాండిస్ 1938లో విచారణ జరిపి, డెబ్బైకి పైగా కుర్రాళ్లను కార్డినల్స్ పట్టు నుంచి విడిపించాడు. కానీ ఆ చిన్న ఊళ్లవాళ్లకు మాత్రం తాము చూసిన పిల్లవాడు రేపు సెయింట్ లూయిస్‌లో ఆడతాడన్న ఆశ పుట్టింది. 1934లో లీగ్ ఆఖరి పోటీ వరల్డ్ సిరీస్‌ను గెలిపించిన పిచర్ (బంతి విసిరేవాడు) డిజ్జీ డీన్ ఆర్కాన్సాలో పత్తి ఏరిన కౌలు కుటుంబం వాడు. ఆ తర్వాత రేడియో కామెంటేటర్ అయి, వ్యాకరణాన్ని చిత్తుచిత్తు చేస్తున్నాడని ఇంగ్లీషు టీచర్ల చేత తిట్లు తిన్నాడు. పల్లె జనానికి మాత్రం అది తమ ఇంటి మాటే.

రేడియో గురించి కాస్త నిలబడి చెప్పాలి. సెయింట్ లూయిస్‌లోని కేఎంఓఎక్స్ స్టేషన్ శక్తి 50,000 వాట్లు. అమెరికాలో ఏఎం స్టేషన్లకు అనుమతించే గరిష్ఠ పరిమితి అదే. పగలు ఏఎం తరంగాలు నేల వెంటే పాకుతాయి, కొంత దూరానికి నీరసిస్తాయి. పొద్దుగూకాక ఆకాశంలోని అయనోస్ఫియర్ పొర వాటిని కిందికి తిప్పి కొడుతుంది. అవి వందల మైళ్ల అవతల దిగుతాయి. సెయింట్ లూయిస్ మైదానంలో 1940లో దీపాలు వెలిగాయి, ఆటలు రాత్రికి మారాయి. పొలం నుంచి మనిషి ఇంటికి చేరే వేళ, తరంగం ఎక్కువ దూరం పోయే వేళ, ఆట జరిగే వేళ ఒకటే అయ్యాయి. 1955 నుంచి 2005 దాకా ఏకధాటిగా ఆ స్టేషనే కార్డినల్స్ ఆటలు వినిపించింది. చిన్న ఊళ్ల స్టేషన్లు ఆ ప్రసారాన్నే అందుకుని మళ్లీ వదిలేవి. హ్యారీ కేరీ గొంతు 1945 నుంచి 1969 దాకా, జాక్ బక్ గొంతు 1954 నుంచి, మధ్యలో చిన్న విరామం తప్ప, 2002లో ఆయన పోయే ముందు దాకా ఈ ఇళ్లలో మోగాయి.

మా ఆఫీసులో ఆగ్నేయ మిస్సోరీ పత్తి ప్రాంతం నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉన్నాడు. ఇంట్లో రేడియోకు స్టేషన్ సరిగ్గా తగిలేది కాదట, కారు రేడియోకు తగిలేదట. వాళ్ల నాన్న రాత్రి భోజనం చేసి కారులో కూర్చునేవాడు, పిల్లలు వెనక సీట్లో నిద్రపోయేవాళ్లు. బేస్‌బాల్ సీజన్ మార్చి చివరి నుంచి సెప్టెంబరు చివరిదాకా, 162 ఆటలు, దాదాపు రోజూ ఒకటి. ఈ ఆట ఏదో వారాంతపు పండగలాంటిది కాదు. ఆరు నెలలు రోజూ మూడు గంటలు ఒకే గొంతు వింటే, ఆ గొంతు ఎటుంటే మనిషి అటే ఉంటాడు. ఓడినా, గెలిచినా రేపు మళ్లీ ఉంది కదా.

ఇంత ముచ్చటైన కథలోంచి ఒక సంగతిని ఇక్కడివాళ్లు తరచూ జారవిడుస్తారు. సెయింట్ లూయిస్ మైదానంలో నల్లజాతి ప్రేక్షకులను కుడివైపు చివర ఉన్న పెవిలియన్‌లోనే కూర్చోనిచ్చేవారు. మేజర్ లీగ్ మైదానాల్లో ఈ వేర్పాటు అన్నింటికన్నా ఆఖరున, 1944లో, తొలగింది ఇక్కడే. కార్డినల్స్‌ను వదిలి బ్రూక్లిన్ జట్టుకు వెళ్లిన రికీ 1947లో నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్‌ను ఆడించాడు. కార్డినల్స్‌లో తొలి నల్లజాతి ఆటగాడు టామ్ ఆల్‌స్టన్ వచ్చింది 1954లో. పాత దక్షిణాది అభిమానాన్ని నొప్పించకూడదన్న లెక్క ఇందులో లేదని నేననుకోను. అదే జట్టు 1964లో కప్పు గెలిచేసరికి బాబ్ గిబ్సన్, లూ బ్రాక్, బిల్ వైట్, కర్ట్ ఫ్లడ్ దాని వెన్నెముక.

ఆ కర్ట్ ఫ్లడ్ కథ తెలియకుండా ఈ విధేయత వెనక ఉన్న చట్టం అర్థం కాదు. బేస్‌బాల్‌కు గుత్తాధిపత్య నిరోధక చట్టం వర్తించదని 1922లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. దాని అండతో, అప్పట్లో ఆటగాడి ఒప్పందంలో ఉన్న షరతు ప్రకారం జట్టు అతన్ని ఎన్నాళ్లయినా అట్టిపెట్టుకోవచ్చు, ఇష్టమొచ్చినప్పుడు ఇంకో ఊరికి ఇచ్చేయవచ్చు. అతను మాత్రం కదలకూడదు. స్టాన్ మ్యూజియల్ ఇరవై రెండు సీజన్లూ ఇదే చొక్కాతో ఆడి 3,630 హిట్లు కొట్టాడు. సొంత మైదానంలో 1,815, బయట సరిగ్గా 1,815. ఆ మనిషి నిబద్ధత నిజమే, స్టేడియం ముందు ఆయన విగ్రహం ఊరికే లేదు. అయితే పోదామన్నా దారి లేని కాలం కూడా అది. 1969లో ఫ్లడ్‌ను ఫిలడెల్ఫియాకు ఇచ్చేశారు. నన్ను అమ్మడానికీ కొనడానికీ నేను సరుకును కానంటూ ఆయన కమిషనర్‌కు ఉత్తరం రాశాడు, కోర్టుకెక్కాడు. 1972లో సుప్రీంకోర్టులో 5-3తో ఓడిపోయాడు, ఆట కెరీర్ పోయింది. మూడేళ్ల తర్వాత, 1975 డిసెంబరులో, ఒక మధ్యవర్తి తీర్పుతో వేరే ఆటగాళ్లకు ఆ సంకెల తెగింది.

జట్లకు ఆ సంకెల అంతగా లేదు. 1957 సీజన్ ముగియగానే బ్రూక్లిన్ డాడ్జర్స్ లాస్ ఏంజెలెస్‌కు, న్యూయార్క్ జెయింట్స్ శాన్‌ఫ్రాన్సిస్కోకు లేచిపోయాయి. అంతకుముందే సెయింట్ లూయిస్‌కూ ఆ గండం తృటిలో తప్పింది. కార్డినల్స్ యజమాని ఫ్రెడ్ సేగ్‌కు ఆదాయపు పన్ను ఎగవేసినందుకు 1953లో జైలుశిక్ష పడి, జట్టును అమ్ముకోవాల్సి వచ్చింది. బయటి ఊళ్లవాళ్ల కళ్లు పడ్డాయి. చివరికి 37.5 లక్షల డాలర్లకు కొన్నది ఊళ్లోని బీరు కంపెనీ అన్‌హైజర్ బుష్. ఆ డబ్బుతో తాను తూగలేనని గ్రహించిన ఊరి రెండో జట్టు బ్రౌన్స్ అదే ఏడాది చివర బాల్టిమోర్ దారి పట్టింది. బీరుతో మొదలైన జట్టును డెబ్బై ఏళ్లకు బీరే నిలబెట్టిందన్నమాట.

ఊళ్లోని మిగతా జట్లలో చాలావి నిలవలేదు. బాస్కెట్‌బాల్ జట్టు హాక్స్ 1968లో అట్లాంటాకు పోయింది. అమెరికన్ ఫుట్‌బాల్ జట్లలో అదే పేరున్న కార్డినల్స్ 1988లో ఆరిజోనాకు, రామ్స్ 2016లో లాస్ ఏంజెలెస్‌కు పోయాయి. నగర జనాభా 1950లో 8,56,796. 2020 లెక్కల్లో 3,01,578. పరిశ్రమలు, జనం, జట్లు తరలిపోయిన చోట పోకుండా ఉన్నదాన్ని జనం గట్టిగా పట్టుకోవడంలో వింతేముంది? 2004 నుంచి 2019 దాకా ఏటా ముప్పై లక్షలకు పైగా టికెట్లు తెగాయంటే, అవి నగరం కొన్నవి కావు, రేడియో పెంచిన ప్రాంతం కొన్నవి.

ఆటగాడు వెళ్లిపోతే ఏం చేస్తారో కార్డినల్స్ స్టార్ ఆల్బర్ట్ పూహోల్స్ విషయంలో చూశాను. 2011లో కప్పు గెలిచిన నెలన్నరలోనే ఆయన లాస్ ఏంజెలెస్ ఏంజెల్స్ ఇచ్చిన భారీ పదేళ్ల ఒప్పందానికి వెళ్లిపోయాడు. బార్లలో తిట్లే తిట్లు. 2019 జూన్‌లో ఎదుటి జట్టు చొక్కాతో తొలిసారి ఇక్కడికి వచ్చినప్పుడు స్టేడియం అంతా లేచి నిలబడింది. మర్నాడు ఆయన మన పిచర్ మీదే హోమ్ రన్ కొడితే, బయటికి వచ్చి టోపీ తీసేదాకా చప్పట్లు ఆపలేదు. (మన పిచర్ అన్నాను చూడండి. ఇక్కడి నీళ్లు అలాంటివి.)

ఇప్పుడు ఆ రేడియో ప్రాంతానికి టీవీ వాళ్లు కొత్త సరిహద్దులు గీస్తున్నారు. లీగ్ ప్రతి జట్టుకూ సొంత టీవీ ప్రాంతం రాసిచ్చింది. చాలా ఏళ్లు ఆ ప్రాంతంలో ఉన్నవాడికి, లీగ్ ఆన్‌లైన్ ప్యాకేజీ కొన్నా ఆ జట్టు ఆటలు కనిపించేవి కావు, స్థానిక ఛానల్‌లోనే చూడాల్సి వచ్చేది. అయోవా రాష్ట్రానికి మేజర్ లీగ్ జట్టే లేదు. కానీ ఏళ్ల తరబడి ఆరు జట్లు అది తమ ప్రాంతమేనన్నాయి: రెండు షికాగోవి, కార్డినల్స్, కాన్సస్ సిటీ, మిల్వాకీ, మిన్నెసోటా. డబ్బు కట్టిన అయోవా అభిమాని ఆరు జట్ల ఆటలకు దూరమై, ఎక్కడో ఉన్న సియాటిల్ ఆట హాయిగా చూడగలిగేవాడు. పైగా ఆ స్థానిక ఛానళ్లలో చాలావాటిని నడిపిన కంపెనీ 2023లో దివాలా పిటిషన్ వేసింది. పిల్లలకు ఆట అలవాటయ్యే దారే ముళ్లకంప అయింది.

కార్డినల్స్ జట్టు కూడా 2023, 2024, 2025 మూడేళ్లూ ప్లేఆఫ్‌లకు చేరలేదు. 2025లో టికెట్లు పాతిక లక్షల లోపే తెగాయి. టీవీలో ఖాళీ ఎర్ర కుర్చీలు వరసలు వరసలుగా కనిపించాయి. విధేయత చచ్చిపోయిందని పత్రికల్లో వ్యాసాలు వచ్చాయి. మా ఆఫీసు పెద్దాయన దానికి ఒప్పుకోడు. ఆ ఏడాది ఆయన ఒక్క ఆటకూ వెళ్లలేదు, పాత టోపీ చిరిగినా కొత్తది కొనలేదు. మన డబ్బు ఆగితే తప్ప యజమానులకు ఆటగాళ్ల మీద ఖర్చుపెట్టాలన్న బుద్ధి పుట్టదని ఆయన వాదన. ఆయన అల్లుడు ప్రత్యర్థి జట్టు షికాగో కబ్స్ అభిమాని. ఈ ఏడాదైనా మారమని ఆటపట్టిస్తే, ఆ రోజు భోజనాల బల్ల దగ్గర ఆ అబ్బాయితో మాట్లాడలేదట. రాత్రిళ్లు ఆట మాత్రం రేడియోలో వింటూనే ఉన్నాడు, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో పిచర్‌ను ఎందుకు మార్చారని మర్నాడు పొద్దున్నే నన్ను నిలదీయడానికి.