కొత్త కోడలి మీద నింద

ఇంట్లో ఏ కష్టమొచ్చినా ముందు కొత్త కోడలి కాళ్ళకేసి చూడటం మనవాళ్ళకి అలవాటే. పాడిగేదె చచ్చినా, మామగారి వ్యాపారం దెబ్బతిన్నా "ఆ పిల్ల అడుగుపెట్టిన వేళావిశేషం" అనేస్తారు. దూలానికి చెద ఎన్నాళ్ళ కిందట పట్టిందో ఎవరూ చూడరు. ఇది మన వీధులకే పరిమితం కాదండోయ్! రోమన్ సామ్రాజ్య చరిత్ర చదువుతూంటే నాకు అక్కడా ఇదే తగువు కనిపించింది.

క్రీ.శ. 410 ఆగస్టులో గోత్ జాతి నాయకుడు అలారిక్ రోమ్ నగరంలో జొరబడి మూడు రోజులు దోచుకున్నాడు. సుమారు ఎనిమిది వందల ఏళ్ళుగా పరాయి శత్రువుకి చిక్కని నగరం అది. పాత దేవుళ్ళని నమ్ముకున్నవాళ్ళు వెంటనే క్రైస్తవం మీద విరుచుకుపడ్డారు. ఈ కొత్త మతాన్ని నెత్తికెక్కించుకున్నాం, ఇలవేల్పులకి కోపం వచ్చింది అన్నారు. దానికి జవాబు చెప్పడానికే అగస్టీన్ అనే బిషప్ 'దైవనగరం' అనే పెద్ద గ్రంథం మొదలుపెట్టాడు. ఆ తగువు అంతటితో తీరలేదు. 1776లో తన చరిత్ర మొదటి సంపుటం అచ్చువేసిన గిబ్బన్ కూడా నిందలో కొంత భాగం కోడలికే పంచాడు.

మరి దూలం సంగతేమిటి? 235 నుంచి 284 వరకు, యాభై ఏళ్ళలో, ఇరవైమందికి పైగా చక్రవర్తులు మారారు. సైన్యం ఎవర్ని భుజానికెత్తుకుంటే వాడే ప్రభువు. వాళ్ళలో ఎక్కువమంది కత్తికే బలయ్యారు. 270 నాటికి వెండి నాణెంలో వెండి నూటికి అయిదు పాళ్ళు కూడా లేదు. ఇక సంతలో ధరలు ఎలా ఉండి ఉంటాయో మీకు వేరే చెప్పాలా? అప్పటికి క్రైస్తవులు కొద్దిమందే. సింహాసనం దరిదాపులకైనా రానివాళ్ళు.

ఆ కొద్దిమందే ఎలా పెరిగారు? దానికి చాలా కారణాలున్నాయి గానీ, ఒకటి మాత్రం ఆడవాళ్ళకి ఇట్టే అర్థమవుతుంది. అక్కర్లేని పసికందుని, అందులోనూ ఆడపిల్లని, బయట వదిలేసే ఆచారం రోమన్లలో ఉండేది. క్రైస్తవులు దాన్ని పాపమన్నారు. మూడో శతాబ్దంలో మహమ్మారి వచ్చినప్పుడు రోగుల దగ్గర కూర్చుని గంజినీళ్ళు పట్టారు. వితంతువులకి తిండిపెట్టారు. పాత దేవుళ్ళని మళ్ళీ నిలబెట్టాలనుకున్న జూలియన్ చక్రవర్తి సైతం, వీళ్ళు తమ పేదలతోపాటు మన పేదల్నీ పోషిస్తున్నారే అని తన పూజారులకి చీవాట్లు పెట్టాడు.

విచిత్రమేమిటంటే, రోమ్‌ని దోచిన గోత్‌లూ క్రైస్తవులే, వేరే శాఖవాళ్ళు! పెద్ద చర్చిల్లో తలదాచుకున్నవాళ్ళ జోలికి పోవద్దన్నాడు అలారిక్. అయినా మార్సెల్లా అనే వృద్ధ వితంతువు ఇంట్లో జొరబడి, దాచిన బంగారం చూపమని కొట్టారు. ఆవిడ దగ్గర బంగారమెక్కడిది? ఆస్తంతా ఎప్పుడో దానం చేసేసింది. తనని కాదు, తన దగ్గరున్న అమ్మాయిని ఏమీ చేయొద్దని బతిమాలింది. ఆ దెబ్బలు తిన్న కొద్దికాలానికే కన్నుమూసింది.

439లో ధాన్యం పంపే ఆఫ్రికా చేజారింది. పన్నులు పోయాయి, జీతాల్లేక సైన్యం చెదిరింది. 476లో పడమటి సింహాసనం ఖాళీ అయింది. అదే మతాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్న తూర్పు సామ్రాజ్యం మాత్రం 1453 దాకా నిలిచింది. కోడలి పాదమే చెడ్డదైతే ఆ ఇల్లు అన్నేళ్ళు ఎలా నిలిచిందంటారు?

అలాగని కోడలు చేసిందంతా మంచే అనను. 303లో డయోక్లీషియన్ ఆమె చర్చిల్ని కూలగొట్టించి, గ్రంథాల్ని తగలబెట్టించాడు. 313లో కాన్‌స్టంటైన్, లిసీనియస్ ఇద్దరూ కలిసి, ఎవరి దేవుణ్ణి వాళ్ళు కొలుచుకోండి అన్నారు. 380లో థియోడోసియస్ క్రైస్తవాన్ని రాజమతం చేశాడు. 392లో అతనే ఇంకో శాసనం వేశాడు. ఇంట్లో కులదేవతల ముందు దీపం వెలిగించకూడదు, ధూపం వేయకూడదు, పూలదండ కట్టకూడదు. ఎవరికీ హాని చేయని ముసలమ్మ చేతిలో దీపమూ నేరమే అయింది!

సామ్రాజ్యాన్ని కూల్చిందన్న నింద కోడలి మీద నిలవదు. అత్తగారి దీపం ఆర్పిందన్న నింద మాత్రం నిలుస్తుంది. నిన్నటిదాకా తన దీపాన్ని కొంగుచాటున కాపాడుకున్నదే ఆ పని చేసింది. అదే నాకు బాధ.