సేవ ఎవరికి?

1969 సెప్టెంబరు 24న, గాంధీ శతజయంతి ఏట, 37 యూనివర్సిటీల్లో 40 వేల మంది విద్యార్థులతో జాతీయ సేవా పథకం మొదలైంది. ‘నేను కాదు, నువ్వు’ అన్నది దాని నినాదం. విద్యార్థులు ఊళ్లకెళ్లి రోడ్లేశారు, మొక్కలు నాటారు. మంచిదే. కానీ ఈ ‘నువ్వు’ ఎవరు? వాడ నుంచే కాలేజీకొచ్చిన విద్యార్థి ఇందులో ఎక్కడున్నాడు?

1991లో అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో, సినిమా హాల్లో చదువుకున్న దళిత యువకుడి కాలు రెడ్ల కుర్రాడికి తగిలింది. దాన్నే నేరం చేశారు. దళితుల్ని వెలివేశారు. ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు.

ఇలాంటి ఊళ్లో చీపురు పట్టిన శిబిరం ఏం మారుస్తుంది? కూలి ఎంతిస్తున్నారో, భూమి ఎవరి పేరనుందో, వాడకు శ్మశానముందో లేదో విద్యార్థులు అడిగి రాయాలి. ఆ లెక్క వాడ చేతికివ్వాలి. అప్పుడే అది సేవా అవుతుంది, చదువూ అవుతుంది.